చీపురు చేతికొచ్చిన ఆదివారం

తియాన్‌షుయ్, చైనా
6 అక్టోబరు 1996

జసింత్‌కు నానమ్మ దీవెనలు.

నీ ఆగస్టు ఉత్తరం నిన్న చేరింది. కోకో మరకలున్న కాగితం మీద ఉత్తరం రాయకూడదని చెప్పి పెంచాను నిన్ను. అయినా రెండుసార్లు చదివాను. జమైకాలో ఈసారి గాలివానలు మన క్రిస్టియానా కొండ ఎక్కలేదని, మన మందిరం పైకప్పు కారలేదని తెలిసి ఇద్దరం సంతోషించాం. సండే స్కూలు బాధ్యత నీకప్పగించారని తెలిసి పిల్లల గురించి కొంచెం దిగులు పడ్డాను.

మేం కులాసా. కాలేజీలో ఇది మా రెండో ఏడు. నేను వ్యాసరచన చెబుతున్నాను, మీ తాతయ్య ఉచ్చారణ చెబుతున్నాడు. రేపు పల్లెటూరి బళ్ళలో ఇంగ్లీషు చెప్పబోయే పిల్లలు వీళ్ళు. నేను గదిలో అడుగుపెట్టగానే నిలబడతారు. అక్కడ మన మాంచెస్టర్ జిల్లా పిల్లలకు ఈ మాట చదివి వినిపించు.

మత బోధ చేయబోమని సంతకం పెట్టి వచ్చాం. సంతకమంటే సంతకమే. క్లాసులో వ్యాకరణం తప్ప ఇంకేదీ నా నోట రాదు. ఆదివారం మాత్రం ఊళ్ళోవాళ్ళలాగే ఊరి చర్చికి వెళ్తాం. బూడిద రంగు ఇటుకల మందిరం, ముందు వాకిలి, వాకిట్లో పెద్ద రేగిచెట్టు, పక్కన వంటగది. ఆరాధన బాగుంటుంది. పాటలు మనకంటే నెమ్మది, ప్రార్థనలు మనకంటే పొడుగు. వాటితో నాకు పేచీ లేదు.

నా పేచీ దిండుతో.

గావ్ అక్క అని డెబ్బై నాలుగేళ్ళావిడ ఉంది. స్త్రీల పనులన్నీ ఆవిడ చేతి మీదుగా నడుస్తాయి. మేం వచ్చిన రెండో ఆదివారమే ఆవిడ నా కోసం ఎర్ర పువ్వులు కుట్టిన దిండు తెచ్చి మొదటి వరసలో నడిమధ్యన వేసింది. పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు, మూత ఉన్న టీ కప్పు. మిగతావాళ్ళంతా చెక్క బల్లల మీద ఇరుక్కుని కూర్చుంటారు. నా చుట్టూ మాత్రం ఒక గేదె పడుకునేంత జాగా. మంచి బట్టలు కట్టుకుని వచ్చినవాడికి మంచి కుర్చీ వేయకూడదని మీకందరికీ సండే స్కూల్లో నేర్పింది నేనే కదా! ఆరాధన తర్వాత భోజనాల దగ్గర గరిట అందుకోబోతే గావ్ అక్క నా మోచెయ్యి పట్టుకుని, "టీచర్ గారూ, మీరు కూర్చోండి, మీరు కూర్చోండి" అంటుంది. ఒక్క గిన్నె ముట్టుకోనివ్వరు నన్ను.

పోయిన వారం పట్టుదలకొద్దీ వెళ్ళి ఆఖరి బల్లలో కూర్చున్నాను. గావ్ అక్కా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ గుసగుసలాడుకుని, వాచ్‌మన్ రెన్ అన్నను పిలిచి, ఆ బల్లనే ఎత్తి ముందుకు తెచ్చిపెట్టారు. నేను దాని మీద ఉండగానే! మీ తాతయ్య మగవాళ్ళ వైపు నుంచి చూస్తూ పాట మధ్యలో దగ్గు నటించాడు. దగ్గుకూ నవ్వుకూ తేడా నాకు తెలియదనుకున్నాడు.

నా లెక్కల పుస్తకంలో ప్రతిదానికీ ఒక పేజీ ఉంటుందని నీకు తెలుసు. "చర్చి పని" అన్న పేజీ ఇక్కడికి వచ్చినప్పటినుంచీ ఖాళీగా ఉంది. పని లేని చోట మనిషి అతిథి. అతిథి ఎప్పుడో ఒకప్పుడు లేచి గొడుగు అందుకోవాలి. ఇంకో రెండేళ్ళు ఉండమని కాలేజీ కాగితం ఇచ్చింది, ఫిబ్రవరి ఆఖరులోగా జవాబు చెప్పాలి. ఆలోగా ఈ చర్చిలో నాకంటూ ఒక పని దొరికితే ఉంటాం, లేకపోతే జూలైలో ఇంటికి వచ్చేస్తాం అని మీ తాతయ్యతో చెప్పాను. ఆయన పేపరు దించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే.

చలికోటు వేసుకుంటున్నావా? కొండ మీద రాత్రుళ్ళు నమ్మదగ్గవి కావు.

నీ నానమ్మ,
ఐసిల్డా పెనంట్

తాతయ్య కింద రాసింది: బల్ల ఎత్తినప్పుడు ఆవిడ ముఖం చూడాల్సింది, జసింత్. రథం మీద రాణిలా ఉంది. కోపంగా ఉన్న రాణి. — లాసెల్స్


క్రిస్టియానా
3 నవంబరు 1996

నానమ్మా, తాతయ్యా,

ఇద్దరికీ ముద్దులు. ఈ కాగితం మీద మరక లేదు, చూడు. ఉంటే అది పోస్టాఫీసు వాళ్ళది.

ముందు తప్పు ఒప్పేసుకుంటాను. నీ ఉత్తరం స్త్రీల సమాజంలో పైకి చదివాను. అందరూ "ఐసిల్డా ఏమి రాసింది, ఐసిల్డా ఏమి రాసింది" అని ప్రాణం తీస్తుంటే ఏంచేయను? బల్ల ఎత్తుకొచ్చిన ముక్క వరకు బాగానే నవ్వారు. తర్వాత "ఒక్క గిన్నె ముట్టుకోనివ్వరు" దగ్గరకొచ్చేసరికి సిస్టర్ ఎర్మిన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ టోపీ తీసిందంటే ఏమవుతుందో నీకు తెలుసుగా.

"విన్నారా! మన ఐసిల్డాని! గిన్నెలు ముట్టుకోనివ్వరట! వేరుగా కూర్చోబెట్టారట! చుట్టూ జాగా వదిలేశారట!"

"అలా కాదు ఆంటీ, అది గౌరవం..." అన్నాను.

"నువ్వు చిన్నపిల్లవి, ఊరుకో. గౌరవమైతే ఆవిడెందుకు ఇంటికొస్తానంటుంది?"

ఇప్పుడు ప్రతి బుధవారం నీ కోసం ప్రత్యేక ప్రార్థన జరుగుతోంది. సమాజం తీర్మానం కూడా చేసింది, నువ్వు వెంటనే వచ్చేయాలని. నిజం చెప్పనా, నేనూ చెయ్యెత్తాను. సండే స్కూలు పిల్లలు నా మాట వినడం లేదు నానమ్మా. పోయిన వారం నోవహు ఓడ నాటకంలో ఇద్దరు జిరాఫీలు కొట్టుకున్నారు. నువ్వు గుమ్మంలో నిలబడితే చాలు, జంతువులన్నీ వరసలో ఎక్కేవి.

సిస్టర్ లిన్ ఒక్కతే నవ్వింది. ఆవిడ దుకాణానికి ఉప్పుచేప కోసం వెళ్ళినప్పుడు మళ్ళీ గుర్తుచేసుకుని మరీ నవ్వింది. "మీ నానమ్మకు చెప్పు, అడిగితే మావాళ్ళు పని ఇవ్వరు. అడిగిన కొద్దీ ఇంకో కుర్చీ వేస్తారు. సొంత పనిముట్టు చేత్తో పట్టుకుని వెళ్ళి, మాట్లాడకుండా మొదలుపెట్టాలి" అంది. వాళ్ళు తాతలనాడు చైనా నుంచి వచ్చినవాళ్ళు. ఆవిడ మాత్రం కింగ్‌స్టన్ దాటి వెళ్ళలేదు, అయినా చాలా ధీమాగా చెప్పింది.

వచ్చేయండి. జూలైకల్లా నీ కోళ్ళు నిన్ను గుర్తుపట్టకుండా పోతాయేమో.

నీ జసింత్


తియాన్‌షుయ్
1 డిసెంబరు 1996

జసింత్‌కు,

నా ఉత్తరం నీకు రాసింది. నలభై మంది ఆడవాళ్ళకు కాదు. బహిరంగ ప్రకటన చేయదలిస్తే మందిరం తలుపుకు మేకుతో కొట్టి ఉండేదాన్ని. ఇక్కడివాళ్ళు నన్ను కించపరచలేదని ఎర్మిన్‌కు స్పష్టంగా చెప్పు. నెత్తిన పెట్టుకున్నారు. దిగనివ్వడం లేదు, అంతే నా బాధ. ఆ బుధవారం ప్రార్థన ఎవరైనా నిజంగా జబ్బుపడ్డవాళ్ళ కోసం చేయమను. ఆవిడకు నా ప్రేమ కూడా చెప్పు, కానీ ముందు చెప్పినదాని తర్వాత.

ఇక్కడ పోటీ ముదిరింది. ఎవరూ రాకముందే వెళ్ళి మధ్య వరసలో మామూలు చోటు పట్టుకుందామని ఒక గంట ముందు వెళ్ళాను. గావ్ అక్క అప్పటికే దిండు వేసి ఉంచింది. మరుసటి వారం ఇంకా ముందు వెళ్ళాను. ఈసారి ఆవిడతో పాటు ఇంకో ముగ్గురున్నారు, నాకు చలేస్తుందని బొగ్గుల కుంపటి కూడా దిండు పక్కకు చేర్చారు. ఇప్పుడు ఊరు లేవకముందే మేమందరం చీకట్లో చర్చి గేటు దగ్గర కలుసుకుంటున్నాం, ఒకరికొకరం నవ్వు ముఖాలు పెట్టుకుని. పాస్టర్ లియాంగ్ గారు దీన్ని చూసి సంఘంలో భక్తి పెరిగి ఉజ్జీవం వచ్చిందనుకుంటున్నారు.

మీ తాతయ్యకు మాత్రం పని దొరికింది. రెండో నెలలోనే! బొగ్గు బండి వచ్చిన రోజు ఎవరినీ అడక్కుండా కోటు విప్పి ఎత్తడం మొదలుపెట్టాడట. ఇప్పుడు రెన్ అన్నా ఆయనా ప్రతి శనివారం పొయ్యి బొగ్గు బిళ్ళలు మోస్తారు. మసి పట్టిన చేతులతో వచ్చి కావాలనే నా ఎదురుగా నిలబడి తుడుచుకుంటాడు.

ఇంకో సంగతి. "నేను మెచ్చే మనిషి" అని క్లాసుకు వ్యాసం ఇచ్చాను. షుయెమెయ్ అని నెమ్మదైన పిల్ల ఒకతె నా గురించి రాసింది. వాళ్ళమ్మమ్మ మన చర్చికే వస్తుంది. ఆ పిల్ల రాసిన ఒక వాక్యం: "మా టీచర్ గారు చర్చిలో అన్నిటికంటే మంచి చోట కూర్చుంటారు, మా అమ్మమ్మ గోడవారగా నిలబడుతుంది, కాబట్టి దేవుడికి మా టీచర్ గారంటే ఎక్కువ ఇష్టమని నాకు అర్థమైంది." వాక్యంలో ఒక్క తప్పు లేదు. ఎర్రసిరా పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. క్లాసులో దానికి జవాబు చెప్పడానికి నాకు అనుమతి లేదు. చెప్పగలిగిన చోటు చర్చిలో అందరూ కూర్చునే బల్ల ఒక్కటే.

అందుకని సిస్టర్ లిన్ సలహా పాటిస్తున్నాను. క్రిస్మస్ భోజనానికి ముందురోజు ఆడవాళ్ళంతా వంటగదిలో పిండి ఒత్తుతారు. నా సొంత పనిముట్టు నేను కొనుక్కుంటాను.

జిరాఫీలను విడదీసి ఒకణ్ణి ఏనుగు చెయ్యి.

నానమ్మ


తియాన్‌షుయ్
29 డిసెంబరు 1996

జసింత్‌కు క్రిస్మస్ శుభాలు, ఆలస్యంగా.

లిన్ సలహా వికటించింది.

బజారుకు వెళ్ళి పిండి ఒత్తే కర్ర అడిగాను. ఇక్కడివాళ్ళు నూడుల్స్ రొట్టెలా వెడల్పుగా ఒత్తి, మడిచి కోస్తారు. దానికి వాడే కర్ర నా భుజం దాకా ఉంది. మంచి చెక్క. మంగళవారం పొద్దున దాన్ని పట్టుకుని వీధి వెంట వెళ్తుంటే అందరూ తప్పుకుని దారి ఇచ్చారు. మీ తాతయ్య నా వెనక నాలుగడుగుల దూరంలో నడిచాడు, నన్ను ఎరగనట్టు.

నేరుగా వంటగదిలోకి వెళ్ళి, మాట్లాడకుండా, కోటు చేతులు పైకి మడిచి, బల్ల దగ్గర నిలబడ్డాను. గావ్ అక్క రెండు చేతులతో ఆ కర్ర అందుకుని, "అయ్యయ్యో, ఎందుకండీ ఇంత ఖర్చు! వద్దు, వద్దు, మేం తీసుకోకూడదు!" అంది. "తీసుకోవద్దు, అది నాకు" అన్నాను. నాకు వచ్చిన చైనా భాషలో సరిగ్గానే చెప్పాను. కానీ ఇక్కడ బహుమతి ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు మూడేసిసార్లు ఏవేవో కాదనుకోవడం మర్యాద. నేను చెప్పిందంతా మర్యాదే అనుకున్నారు. మూడోసారికి ఆవిడ కళ్ళు తుడుచుకుని కర్ర తీసుకుంది. దానికి ఎర్ర రిబ్బను కట్టి వంటగది గోడకు ఎత్తున తగిలించారు. దాంతో పిండి ఒత్తడం మహాపాపం అన్నట్టు చూస్తున్నారు. నాకు ప్రతిఫలంగా ఒక బస్తా ఆపిల్స్ ఇంటికి వచ్చాయి. కడిగి పంచుదామంటే, బస్తాతో పాటు వచ్చిన అమ్మాయి కడిగి పెట్టి మరీ వెళ్ళింది.

పైగా, కారణం తెలియదు కానీ, రెండు వారాల నుంచి మర్యాద ఇంకా పెరిగింది. కాలేజీలో విదేశీ టీచర్ల సంగతులు చూసే డౌ గారు ఒక ఆదివారం స్వయంగా చర్చి గేటు దాకా వచ్చి పాస్టర్ గారితో గంభీరంగా ఏదో మాట్లాడి వెళ్ళారు. మరుసటి వారానికి నా చోట చేతుల కుర్చీ ఉంది. దిండ్లు రెండయ్యాయి. కాళ్ళ కింద పీట. గావ్ అక్క ముఖంలో ఏదో భయం కనిపించింది, నా టీ చల్లారిందేమోనని నాలుగుసార్లు మూత తీసి చూసింది. నా వల్ల ఆ ముసలావిడకు మాట పడిందేమోనని అనుమానంగా ఉంది. అదే నిజమైతే ఇక్కడ ఉండడానికి నాకు ముఖం లేదు.

క్రిస్మస్ ఆరాధన మాత్రం గొప్పగా జరిగింది. ఊళ్ళో కుర్రకారంతా తమాషా చూడ్డానికి వచ్చి కిటికీలెక్కారు. మీ తాతయ్య పాటల బృందంలో మంద్రం పాడాడు. ఇక్కడ పాటలు స్వరాల గుర్తులతో కాక అంకెలతో రాసుకుంటారు. ఆయనకు లెక్కలు రావని నలభై ఏళ్ళుగా అనుకున్నాను. ఒక్క అంకె తప్పలేదు.

ఆపిల్స్ నీకు పంపే వీలుంటే బాగుండేది.

నానమ్మ

తాతయ్య రాసింది: ఆవిడ రాయనిది నేను రాస్తున్నాను. క్రిస్మస్ రోజు అందరూ నవ్వుకుంటూ గిన్నెలు తోముతుంటే మీ నానమ్మ ఆ కుర్చీలోంచి వాళ్ళను చూస్తూ కూర్చుంది, సెలవురోజు బడి గేటు బయట నిలబడ్డ పిల్లలా. నాకు ఇక్కడ ఉండాలనే ఉంది. కానీ ఇంకో రెండేళ్ళు ఆ ముఖం చూడలేను. నా బొగ్గు పని రెన్‌కు ఒప్పజెప్పడం గురించి ఆలోచిస్తున్నాను.


క్రిస్టియానా
19 జనవరి 1997

నానమ్మా,

కూర్చుని చదువు. కుర్చీ ఎలాగూ ఉందిగా. (కోప్పడకు.)

డౌ గారు ఎందుకొచ్చారో నాకు తెలుసు. ఆ తీర్మానం చేసిన మీటింగు అయిపోగానే సిస్టర్ ఎర్మిన్ ఎవరికీ చెప్పకుండా మీ కాలేజీకి ఉత్తరం రాసిందట, సమాజం ముద్ర కూడా వేసి. "మా సోదరి ఐసిల్డా పెనంట్ ముప్పై ఏళ్ళు ప్రధానోపాధ్యాయిని, ఆమెకు తగిన గౌరవం జరగడం లేదని విని చింతిస్తున్నాం" అని. నీ ఉత్తరం చదివి వినిపించాక, అంటే నీ ఉత్తరంలో ముక్కలు మాత్రమే ఆవిడ ఒక్కతికే చెప్పాక, టోపీ తీసేసింది. "అంటే నా వల్ల కుర్చీ వేశారా? దేవునికి స్తోత్రం!" అంది. "అయ్యో ఆంటీ, ఆవిడకు కుర్చీ వద్దు!" అంటే, "వద్దంటే మర్యాదకు అంటుంది" అంది. ఆవిడని తీసుకెళ్ళి ఆ గావ్ అక్క పక్కన కూర్చోబెడితే ఇద్దరికీ తెగ కుదురుతుంది.

ఇక్కడ మీరు జూలైలో వస్తున్నట్టే లెక్క. పాస్టరు గారు స్వాగతం తేదీ అనుకుంటున్నారు. పిల్లలకు పాట నేర్పుతున్నాను. ఏనుగు బాగా పాడుతోంది.

సిస్టర్ లిన్‌కు కర్ర కథ చెప్పాను. బియ్యం తూకం వేస్తూ వేస్తూ నవ్వు ఆపుకోలేక తక్కెడ దించేసింది. తర్వాత ఒక మాట అంది, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. "మీ నానమ్మకు ఏడాదికే విసుగొచ్చిందా? మన మందిరంలో కోతల పండుగ భోజనానికి ఇరవై రెండేళ్ళ నుంచీ నేను పళ్ళెం పట్టుకుని కూర్చుంటున్నాను. 'సిస్టర్ లిన్, మీరు కూర్చోండి, దుకాణంలో అలిసిపోయి ఉంటారు' అంటుంది మీ నానమ్మ ప్రతి ఏడూ. నేనేమైనా ఉత్తరాలు రాశానా?"

నవ్వుతూనే అంది నానమ్మా. నిజంగా.

నీ జసింత్


తియాన్‌షుయ్
16 ఫిబ్రవరి 1997

జసింత్‌కు,

చెప్పాల్సింది చాలా ఉంది, కాగితం రెండు వైపులా రాస్తున్నాను. తపాలా బరువు చూసుకునే రాస్తున్నాను కాబట్టి కంగారుపడకు.

ఇక్కడ కొత్త సంవత్సరం ఏడో తేదీ శుక్రవారం వచ్చింది. పోయిన ఏడు ఈ సెలవుల్లో మేం షియాన్‌లో ఉన్నాం, ఈ ఊరి పండుగ చూడ్డం ఇదే మొదలు. రెండు రోజులు టపాకాయల మోతకు కిటికీలు అదిరాయి. ఆదివారం, అంటే పండుగ మూడో రోజు, మళ్ళీ పోటీకి బయలుదేరాను. వారం వారం అలవాటైపోయింది. విచిత్రంగా ఆ పొద్దున ఎవరూ రాలేదు. పండుగ బడలిక కాబోలు. రెన్ అన్న గేటు తీసి మళ్ళీ పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

వాకిట్లో చూస్తే ఎర్రెర్రగా చీలమండల లోతు టపాకాయల కాగితాలు! పాస్టర్ గారి మెట్లమీద, రేగిచెట్టు మొదట్లో, అంతటా. ఆరాధనకు ముందు వాకిలి అలా ఉండడమా! గోడకు చీపురు ఆనించి ఉంది. మనుషులెవరూ లేరు. జసింత్, పదిహేడు నెలల తర్వాత నా చేతికి చీపురు వచ్చింది. నాలో నేను పాడుకుంటూ మూలమూలలా ఊడ్చాను. ఎర్ర కాగితమంతా పోగుచేసి గేటు దాటించి వీధి మురుగు పక్కన కుప్ప పోశాను. నేల అద్దంలా ఉంది. చీపురుతో నిలబడి గావ్ అక్క కోసం ఎదురుచూశాను. చూడనీ, అనుకున్నాను.

చూసింది.

గేటు దగ్గర కుప్పను చూసింది, వాకిలి చూసింది, చీపురు చూసింది. చేతిలో దిండు జారి నేల మీద పడింది.

"ఏమే! నీకేమన్నా మతి పోయిందా?" అని అరిచింది. "ఐదో రోజు దాటకుండా వాకిలి ఊడుస్తారా ఎవరైనా? ఏడాది సిరంతా గేటు బయట పోశావు కదే! మీ అమ్మ నీకేం నేర్పలేదా?"

వెనకనుంచి మిగతావాళ్ళు వచ్చారు. "అయ్యో, అంతా ఊడ్చేసింది!" "రేగిచెట్టు కింద కూడా!" "మూలలు సైతం వదల్లేదే!" ఈ ఆఖరి మాట మామూలు రోజుల్లో అయితే మెప్పు అయ్యేది.

గొడవ విని పాస్టర్ లియాంగ్ గారు కోటు గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చారు. "అక్కా, మనం విశ్వాసులం. ఇలాంటివి మనం పట్టించుకోం" అన్నారు మెల్లగా.

"ఎవరు పట్టించుకున్నారు పాస్టరు గారూ? నేనేం పట్టించుకోలేదు" అంది గావ్ అక్క. "ముందా కాగితాలు లోపలికి రానివ్వండి, తర్వాత ఇంకా పట్టించుకోను." ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఏం చూస్తున్నావ్ నిలబడి? చేట పట్టుకో!"

ముప్పై ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినదాన్ని, అరవై ఏడేళ్ళ వయసులో, ఒక చైనా వీధిలో వంగి, పోసిన చెత్తనంతా చేటలోకెత్తి మళ్ళీ లోపలికి మోశాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని వెంట తిరిగింది. "ఆ మూల పలచగా ఉంది. అక్కడా వెయ్యి. ఇంకా వెయ్యి, పిసినారితనం దేనికి? కళ్ళద్దాలు అందానికా పెట్టుకున్నావ్?" నేను చల్లిన తీరు నచ్చక రెండుసార్లు మళ్ళీ చల్లించింది. మీ తాతయ్య బొగ్గుల కొట్టుకు ఆనుకుని ఏడుస్తున్నాడు. నవ్వి నవ్వి.

అంతా అయ్యాక గావ్ అక్క ఊపిరి పీల్చుకుని నన్ను చూసింది. నా జుట్టు నిండా ఎర్ర కాగితాలు. అప్పుడు ఆవిడకు గుర్తొచ్చింది తను ఎవరి మీద అరిచిందో. ముఖం పాలిపోయింది. నోరు తెరిచింది, బహుశా "టీచర్ గారూ" అనడానికి. నేను మర్యాదలకు అవకాశం ఇవ్వలేదు. "అక్కా, మరి ఎప్పుడు ఊడవాలి? నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

ఆవిడ నా జుట్టులోంచి ఒక కాగితం తీసి, తీసింది కాస్తా మళ్ళీ నేల మీద వేసింది.

"వచ్చే ఆదివారం. వెలుతురు రాకముందే రా. గేటు నుంచి లోపలికి ఊడవాలి, లోపలి నుంచి బయటికి కాదు. రేగిచెట్టు నుంచి గేటు దాకా నీది. ఆలస్యం చేశావంటే నా నోరు మంచిది కాదు, ముందే చెబుతున్నా."

"ఎవరైనా వచ్చి నా చేతిలోంచి చీపురు లాక్కుంటే?"

"ఎవరు లాక్కుంటారు? వాళ్ళ పనులు వాళ్ళకి లేవా?"

ఆరాధనకు లోపలికి వెళ్తే చేతుల కుర్చీ గోడ పక్కకు జరిగి ఉంది. షుయెమెయ్ వాళ్ళమ్మమ్మ అందులో కూర్చుని నిద్రపోతోంది. దిండు మీద గావ్ అక్క తనే కూర్చుంది, అరిచి అరిచి నడుం పట్టేసిందట. మధ్య బల్లలో ఇద్దరి మధ్య నన్ను ఇరికించారు. పక్కావిడ మనవడు ఆరాధన పొడుగునా బురద బూట్లు నా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంత ఇబ్బందిగా, ఇంత హాయిగా నేను ఎప్పుడూ ప్రార్థన చేయలేదు.

ఇంటికొచ్చి లెక్కల పుస్తకం తీశాను. మొదటి పద్దు: "వాకిలి ఊడ్చుట. తప్పుగా చేయబడినది."

ఇవాళ రెండో పద్దు రాశాను. దానికి పక్కన ఏమీ రాయనక్కర్లేకపోయింది.

రేపు డౌ గారికి సంతకం పెట్టిన కాగితం ఇస్తాం. ఇంకో రెండేళ్ళు, జసింత్. నీ పాట వృథా చేయకు, పిల్లల చేత ఈస్టరుకు పాడించు. ఎర్మిన్‌కు చెప్పు, ఆవిడ ప్రార్థనలు ఫలించాయి, ఆవిడ అడిగిన తీరులో కాదు. ఇంకో ఉత్తరానికి మాత్రం ముద్ర వేయొద్దను.

నీ జనవరి ఉత్తరంలో ఆఖరి పేరా చదివాను. నువ్వు రాయాలా వద్దా అని ఆలోచించాల్సిన పని లేదు. మందిరం వంటగది అలమర తాళంచెవి నా కుట్టుమిషను సొరుగులో నీలం డబ్బాలో ఉంది. సిస్టర్ లిన్‌కు తీసుకెళ్ళి ఇవ్వు. ఈ ఏడు కోతల పండుగ భోజనం ఆవిడ చేతి మీదుగా నడవాలి. "మీరు కూర్చోండి" అని ఎవరైనా అంటే, నేను తియాన్‌షుయ్ నుంచి వింటాను.

నానమ్మ


క్రిస్టియానా
9 మార్చి 1997

నానమ్మా,

మొదటి రెండు పేజీలు చదివేసరికి మందిరం మెట్ల మీద కూర్చుని నవ్వుతున్నాను. "ఇంకో రెండేళ్ళు" దగ్గర కొంచెం ఏడ్చాను. తర్వాత తాతయ్య బొగ్గుల కొట్టు గుర్తొచ్చి మళ్ళీ నవ్వాను. సరే. ఉండండి. చెయ్యెత్తి వేసిన ఓటు దించేస్తున్నాను.

తాళంచెవి ఇచ్చాను. సిస్టర్ లిన్ చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. దుకాణానికి గొళ్ళెం పెట్టి, పట్టపగలు నానమ్మా, శనివారం బేరాల వేళ, తిన్నగా మందిరానికి నడిచింది. అలమర తెరిచింది. నువ్వు ముప్పై ఏళ్ళ నుంచీ పేర్చి పెట్టిన కప్పుల్ని చూసి నాలుక చప్పరించింది.

"ఇదేం పేర్పు? రోజూ వాడేవి పైన, ఏడాదికోసారి వాడేవి చేతికి అందేలా! ఎవరు సర్దారు ఇలా?"

"నానమ్మ" అన్నాను.

"తెలుసు" అంది. అన్నీ దించేసింది. సిస్టర్ ఎర్మిన్ సాయం చేయబోతే, "నువ్వు కూర్చో" అనబోయి, ఆగి, "ఆ గుడ్డ అందుకో, తుడుస్తూ ఉండు" అంది. ఎర్మిన్ టోపీ తీసి తుడిచింది. నా మీద మూడుసార్లు అరిచింది సిస్టర్ లిన్. గొంతుతో సహా అచ్చం నీలాగే ఉంది. జిరాఫీలు గుమ్మంలోంచి తొంగిచూసి, వరసలో నిలబడ్డాయి.

నీ జసింత్


తియాన్‌షుయ్
30 మార్చి 1997, ఈస్టర్ ఉదయం

జసింత్‌కు,

ప్రభువు లేచాడు. మేమూ లేచాం, ఆయన కంటే కాస్త ఆలస్యంగా.

నీ ఉత్తరం రాత్రి చేరింది. జవాబు రాయకుండా నిద్రపట్టలేదు, కాబట్టి ఇది కోటు వేసుకుని నిలబడి రాస్తున్నాను. రోజూ వాడే కప్పులు పైన పెట్టడానికి ఒక కారణం ఉంది, పిల్లలు అందుకుని పగలగొట్టకుండా. లిన్‌కు ఆ సంగతి చెప్పు. విన్నాక కూడా ఆవిడ తన పద్ధతిలోనే ఉంచితే, ఉంచనివ్వు. తాళంచెవి ఆవిడది.

ఈస్టరుకు ఎన్ని గుడ్లకు రంగులు వేశారో, ఎన్ని పగిలాయో వచ్చే ఉత్తరంలో రాయి. నా చర్చి పని పేజీ నిండి వెనకవైపుకు వెళ్ళింది. గుమ్మాల తుడుపు కూడా నాకే వేశారు. మీ తాతయ్య...

వీధిలోంచి గావ్ అక్క అరుస్తోంది. వాకిలి సగం ఆవిడే ఊడ్చేసిందట, ఈ టీచరమ్మకు పండుగ పూట కూడా పక్క దిగబుద్ధి కాదా అని వాడంతా వినేలా అడుగుతోంది. వెళ్తున్నాను.

నానమ్మ